ఎత్తిన చెయ్యి

మద్రాసు,
9-7-1996

సరోజ టీచరు గారికి,

నమస్కారాలు. రేపల్లె బళ్లో మీ దగ్గర చదువుకున్నవాణ్ణి. మొన్నటిదాకా మీ అబ్బాయి ప్రభుదాసు పక్క సీట్లో కూర్చుని విమానం నడిపిన కెప్టెన్‌ని.

గురువారం మీవాడు తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కుతాడు. సెలవు మీద వచ్చానంటాడు. నమ్మినట్టే ఉండండి.

కంపెనీ పన్నెండుమంది జూనియర్ పైలట్లను పనిలోంచి తీసేసింది. వాళ్లలో వాడొకడు. అందరం నెలకు పదిరోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చుంటే ఎవరి ఉద్యోగమూ పోదని కంపెనీవాళ్లు ముందు కబురంపారు. యూనియన్ మీటింగులో నేనే లేచి, ఒకసారి తలొగ్గితే ఇంకా అడుగుతారు, ఒప్పుకోవద్దన్నాను. వద్దనేవాళ్లను చేతులెత్తమన్నారు. సగానికంటే మూడు చేతులు ఎక్కువ లేచాయి. అందులో ప్రభుదాసు చెయ్యి కూడా ఉంది.

బయటికొచ్చాక, "తీసేసేవాళ్ల లిస్టులో నీ పేరుందని తెలుసుగా, ఎందుకెత్తావురా?" అని అడిగాను.

"మీరు ఎత్తారు కదండి" అన్నాడు.

పక్కవాణ్ణి చూసి చెయ్యెత్తొద్దని క్లాసులో మాకు రోజూ చెప్పేవారు. ఇంట్లో వాడికి ఒక్కసారైనా చెప్పలేదా అండి?

మీ శిష్యుడు