చుట్టకుదురు

ఆదివారం, అమలాపురం

మా కాలేజీ సునీత గారు మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. షోకేసులో నా షీల్డుల పక్కనున్న పాతగుడ్డల చుట్టకుదురు చూసి, "ఇదేంటండీ?" అన్నారు. ముచ్చటపడి దాన్నక్కడ పెట్టింది నేనే. తీరా అడిగేసరికి, "పాతకాలంది లెండి" అని మాట దాటేశాను.

అమ్మే చెప్పింది. "చేపల గంప కింద నెత్తిన పెట్టుకునేదాన్నండీ."

"రోజూ అంత బరువు మోసేవారా అండీ?"

"ఆయ్. ఇదుంటే బరువు తెలిసేది కాదండి."

అమ్మ అంత తేలిగ్గా అన్న మాట నాకెందుకు రాలేదో. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు ఇది.

అమ్మ అంతటితో ఆగలేదు. దాన్ని బయటికి తీసి, చేపల పులుసు దాక దానిమీదే పెట్టి వడ్డించింది. సునీత గారు రెండుసార్లు వేయించుకుని తిన్నారు.

ఆవిడ వెళ్లాక, "పైచుట్టు చిరిగిందే, పాత చీరేదైనా ఇయ్యి, చుడతాను" అంది అమ్మ. ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్న నీలం నేతచీర తీసిచ్చాను. అందులో నా గుడ్డ కూడా ఒకటి ఉండాలనిపించింది.

ఇందాక చూస్తే చుట్టకుదురు చిరుగుతోనే ఉంది. అమ్మ ఆ చీరని మడతపెట్టి, తల కింద పెట్టుకుని పడుకుంది.