ఎర్తు గోతిలో నాలుగు బకెట్లు

బాగ్‌బేరా,
ఆగస్టు 9.

అక్క సూరమ్మకి తమ్ముడు వెంకటరావు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని ముందుగా రాయాలి గనక రాశాను. చదివి పక్కన పెట్టు.

నీ పిల్లాడికి ఒక చెవైనా వినబడుతోందా అని అడిగావు. లేదు. డాక్టరు రెండు చెవుల్లోకీ లైటు వేసి చూసి, పలక కొనుక్కోమన్నాడు. మేం రాస్తాం, దుర్గాప్రసాద్ చదివి నోటితో అరుస్తాడు.

టవరుకి ఎర్తు వేసింది నువ్వే కదా, మరి పిడుగు వాడు పనిచేసే వైర్‌లెస్ గదిలోకి ఎలా వచ్చింది అనీ అడిగావు. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. పిడుగుని భూమిలోకి దించడానికి గొయ్యి తీసి రాగిరేకు పాతుతారు. చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు పుస్తకం, డిక్షనరీ ముందేసుకుని కుస్తీపట్టినా అర్థం కానిది నీ ఆవకాయ జాడీ తలుచుకుంటే అర్థమైంది. తేడా ఒక్కటే. ఆవకాయలో నీటిచుక్క పడకూడదు, ఇందులో తడి ఆరకూడదు. సరే, ఆవకాయ సంగతి ఇప్పుడెందుకు.

మే నెలలో, ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు మీటరు పెడితే రీడింగు దారుణంగా ఉంది. రేకుని చిలుం తినేసింది.

"కొత్త గొయ్యి తవ్వాల మావా," అన్నాడు దుర్గాప్రసాద్, అందరి ముందూ.

"నాకు సెప్తన్నావేటిరా? నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే పని నాది," అన్నాను.

అక్కడంతా బండరాయి, తవ్వాలంటే వారం. పాత గోతిలోనే నాలుగు బకెట్ల ఉప్పునీళ్ళు పోశాను. మర్నాడు మీటరు ముల్లు బుద్ధిగా కూర్చుంది. ఎర్తు బాగుందని సంతకం పెట్టాను. పది రోజుల ఎండకి గొయ్యి ఆరిపోయింది. పదకొండోనాడు పిడుగు పడి, భూమిలోకి దారి లేక, కేబుల్ పట్టుకుని వాడి హెడ్‌ఫోను దాకా వచ్చింది.

ఇది నీకు ఇన్నాళ్ళూ రాయలేదు.

ఎర్తు బాగానే ఉంది, ఉరుముతుంటే కేబుల్ పీకకపోవడం ఆపరేటర్ తప్పు అని కంపెనీ వాడిని ఉద్యోగంలోంచి తీసేసింది. సాక్ష్యం నా సంతకం. జులైలో ఆఫీసరు దగ్గరికి వెళ్ళి నీళ్ళు పోశానని చెప్పేశాను. మంచివాడే, మీటరు తెప్పించి మళ్ళీ చూపించాడు. అప్పటికి ఇరవై రోజులుగా వాన. ముల్లు మళ్ళీ బుద్ధిగా కూర్చుంది.

"చాచా, రీడింగ్ తో ఠీక్ హై. ఘర్ జాఇయే," అన్నాడు, రీడింగు బాగానే ఉంది, ఇంటికి వెళ్ళమని. మేనల్లుణ్ణి కాపాడుకోడానికి అబద్ధమాడుతున్నానట. వేసవిలో చూడండి బాబూ అన్నాను. ఫైలు మూసేశారట.

నిన్న దుర్గాప్రసాద్ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. నా నోటివైపే చూశాడు.

"ఏటి మావా? మళ్ళీ ఉరుముతున్నాదేటి?" అని అరిచి, పలక నా ఒళ్ళో పెట్టాడు.

సుద్దముక్క తీసుకున్నాను. "అన్నం తిన్నావా" అని రాశాను.

రేపటి రైలుకి వాడు నీ దగ్గరికి వస్తున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.

ఇట్లు,
నీ తోడబుట్టిన తమ్ముడు
వెంకటరావు