ఫోటోలో శాంతమ్మ

జూన్ 14

కాలువలకు నీళ్ళు వదిలారు. మా రైతు సేవా కేంద్రం సెంటరు తాళం తీసేసరికి శాంతమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పదకొండేళ్ళుగా మామయ్యగారి రెండెకరాలూ కౌలుకు చేస్తున్న మనిషి. ఇంట్లో రోజూ చూసే మనిషే, అయినా ఇక్కడికి వస్తే చెప్పులు మెట్ల కిందే విప్పేస్తుంది. వ్యవసాయ సహాయకురాలంటే నేనేదో కలెక్టరునైనట్టు.

“సార్వాకి ఏ ఇత్తనం ఎయ్యమంటారండి అమ్మగారూ?”

ఈ వానాకాలం పంటకి కొత్త రకం వరి వెయ్యమన్నాను. ఎప్పుడూ వేసే స్వర్ణ రకం ఏటా గాలివానకి పడిపోతోంది, తడిసిన చాపలా. ఇది పొట్టి, కాండం గట్టి, పది పదిహేను రోజులు ముందే కోతకు వస్తుంది. ట్రైనింగులో చెప్పినదంతా అప్పజెప్పాను.

“పడదాండీ?”

“పడదు.”

ఎంత ధీమాగా అన్నానో.

జూన్ 16

ఇంట్లో దాచుకున్న స్వర్ణ విత్తనాలు కోళ్ళకి వేసేసిందట. అంత తొందరేంటి అనుకున్నాను... లోపల సంతోషం కూడా.

జూలై 22

ఊడుపులు అయ్యాయి. మండల వ్యవసాయాధికారి, మా ఏవో గారి ఫోను. మండలంలో కౌలు కార్డులు మా ఊళ్ళోనే తక్కువట. “మీ ఇంటి నుంచే మొదలెట్టండమ్మా, ఊరు వెనకాలే వస్తుంది” అని నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కదిపాను. మామయ్యగారు పెరుగు కలుపుకుంటున్నారు.

“శాంతమ్మకి కార్డు రాయిద్దామండి. పదకొండు నెలల కాగితం. మీ సంతకం ఒక్కటే చాలు. భూమి మీద హక్కు రాదని అందులోనే రాసుంది.”

“ఇవాళ నువ్వు చదివావు. రేపు చదివేవాడు ఇంకోలా చదువుతాడు.”

వాళ్ళ పెద్దన్నయ్యగారు ఎప్పుడో ఎవరికో సంతకం పెట్టి పదేళ్ళు కోర్టు మెట్లెక్కారట. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ వింటున్న కథ. “మాట మీద ఇచ్చాను. మాట మీద చేస్తోంది. మధ్యలో కాగితం ఎందుకమ్మా?”

తర్వాత, “బెండకాయ బాగా చేశావు” అన్నారు.

కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు. మామయ్యగారు అలా అనరు.

ఆగస్టు 19

పంట నమోదు. ఎండ. గట్ల మీద బురద.

చేలో నిలబడి యాప్ తెరవాలి. సర్వే నంబరు కొట్టగానే పేరు అదే వస్తుంది — పట్టా ఎవరిదైతే వాళ్ళది. కార్డు ఉంటేనే కౌలుదారు పేరు ఎక్కుతుంది. తర్వాత రైతు తన చేలో నిలబడ్డ ఫోటో. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, గట్టు దిగి ఎన్నాళ్ళయిందో. ఊళ్ళో మిగతా ఆసాములూ అంతే. అందుకని ఊరంతా ఒకటే పద్ధతి. పేరు ఆసామిది, ఫోటోలో నిలబడేది కౌలుదారు. కిందటేడూ ఇలాగే చేశాను. ఎవరూ తప్పనలేదు.

శాంతమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కట్టుకొయ్యలకి ఆరేసి ఇస్త్రీ చేసినంత సాపు చేసిందట. తలకి నూనె.

“ఇక్కడ నిలబడనాండీ?”

“కొంచెం ఎడంపక్కకి... ఆఁ.”

నవ్వింది. బండరాయిలా మొహం పెట్టుకునే వాళ్ళందరిలో నవ్విన మనిషి ఈమె ఒక్కతే.

ఓటీపీ మామయ్యగారి ఫోనుకి వెళ్ళింది. ఇంటికి ఫోను చేస్తే అత్తయ్యగారు ఒక్కొక్క అంకే చదివారు, మధ్యలో పాలు పొంగాయని వెళ్ళి మళ్ళీ వచ్చారు. రైతు పేరు — మామయ్యగారిది. కింద ఫోటో — శాంతమ్మ. సబ్మిట్.

“నా ఫోటో గవర్నమెంటోళ్ళకి ఎల్లిందాండీ?”

“వెళ్ళింది.”

అబద్ధం కాదు. అదే ఇంకా గుచ్చుతోంది.

సెప్టెంబరు 28

చేను ఈనింది. పక్క రైతులు గట్టు మీద ఆగి చూస్తున్నారు. “సుధమ్మ గారి ఇత్తనం” అని నా పేరు పెట్టారట. గర్వపడ్డాను. రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత బుకాయించకుండా.

అక్టోబరు 25

శాంతమ్మ చేను పండింది. కోత మిషను మంగళవారం వస్తానన్నాడు. రేడియోలో తుపాను అంటున్నారు.

అక్టోబరు 28

మంగళవారం. మిషను రాలేదు. వాన.

అక్టోబరు 30

గాలి తగ్గింది. స్కూటీ పోదు, నడిచే వెళ్ళాను. అటూ ఇటూ స్వర్ణ అంతా నేలకి అంటుకుపోయింది, ఇంకా పచ్చి గింజ. మధ్యలో మా రెండెకరాలు... నిలబడి ఉన్నాయి! శాంతమ్మ గట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించింది.

“పడలేదండి అమ్మగారూ! మీరన్నట్టే!”

ఏడుపొచ్చింది నాకు. సంతోషంతోనే. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇంటికి వచ్చి మామయ్యగారితో చెప్తే, “చదువుకున్న కోడలు” అని అత్తయ్యగారి వైపు చూసి మురిసిపోయారు.

నవంబరు 3

ముసురు వదలడం లేదు. మిషను బురదలో దిగదు.

నవంబరు 4

పొద్దున్న ఇంకా పళ్ళు తోముకుంటున్నాను. పెరటి గుమ్మం దగ్గర శాంతమ్మ. అరచేతిలో ఒక కంకి. గింజ గింజకీ తెల్లగా మొలక.

“నిలబడే మొలకెత్తేసిందండి.”

కొన్ని రకాల గింజ పండాక కొన్నాళ్ళు నిద్రలో ఉంటుంది, తడిసినా మొలవదు. దీనికి ఆ నిద్ర లేదు. ట్రైనింగులో ఇచ్చిన కాగితంలో వెనకవైపు, ఆఖరి వరసలో ఉంది ఆ మాట. చదివాను. మెట్ల మీద కూర్చున్న మనిషికి చెప్పలేదు. పండగానే కొయ్యాలి, వాన వస్తే మొలుస్తుంది — ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే స్వర్ణే వేసుకునేదేమో. ‘పడదు’ అని చెప్పడం నాకు బాగుంది, అంతే. సైన్సు అబద్ధం ఆడలేదు. నేను సగం చెప్పాను.

మా ఆయన కంకి పట్టుకుని చూశారు. బియ్యం మిల్లులో సూపర్‌వైజరు కదా, నలిపి చూస్తే తెలిసిపోతుంది. “ఇది మిల్లుకి తేవద్దని చెప్పు” అన్నారు. నాతో అన్నారు — శాంతమ్మ ఎదురుగానే ఉంది.

నవంబరు 6

పరిహారం కోసం నష్టం నమోదు. ఏవో గారు కూడా వచ్చారు. పడిపోయిన చేలన్నీ చకచకా ఎక్కాయి. మా దగ్గరికి వచ్చేసరికి ఆగారు. “నిలబడ్డ చేనుకి నష్టం ఎలా రాస్తామమ్మా?”

కంకి విరిచి చూపించాను. చాలాసేపు చూశారు. మంచాయన. “దగ్గర నుంచి ఫోటో తియ్యండి, మొలక కనపడేలా. నేను చూసుకుంటాను” అన్నారు.

తీశాను. సర్వే నంబరు కొట్టాను. పేరు తనంతట తానే వచ్చి కూర్చుంది. మామయ్యగారు.

నవంబరు 9, ఆదివారం

శాంతమ్మ వాళ్ళ చర్చిలో కోతల పండుగ. ఏటా కోసిన మొదటి వరికట్ట, మొదటి పన, దేవుడికి. స్కూటీ మీద వెళ్తూ గేటు దగ్గర ఆగాను. ఈయేడు కూడా పన ఎత్తుకునే వచ్చింది, మొలకలతోనే. పాస్టరుగారు తీసుకుని అరటి గెలల పక్కన, గుమ్మడికాయల పక్కన పెట్టారు. 

నన్ను చూసి బయటికి వచ్చింది. “మంచిదయితేనే తేవాలని ఎక్కడుందండి? పండింది ఇదే కదా.”

మిగతాది కోయించి పశువుల మేతకి వేస్తుందట. కౌలు కింద మా ఇంటికి రావాల్సిన బస్తాల మాట నేను ఎత్తలేదు. ఆమె కూడా.

నవంబరు 12

పరిహారం జాబితా సెంటరు బోర్డు మీద అంటించాను. నేనే, నా చేత్తోనే, నాలుగు మూలలా జిగురు పెట్టి. అభ్యంతరాలుంటే 17 సాయంత్రం ఐదింటిలోపు పెట్టెలో వెయ్యాలి.

శాంతమ్మ వచ్చింది. తన పేరు చదువుకోగలదు. వేలు పెట్టి పైనుంచి కిందికి, మళ్ళీ కింద నుంచి పైకి.

“నా పేరు కనపడ్డం లేదండి.”

పెదనాన్నగారి పేరు మీద ఉందని గొణిగాను — పెదనాన్నగారేంటి, మామయ్యగారు! నోరు కూడా తిన్నగా తిరగలేదు.

“అదేంటండి... ఫోటోలో నేనే ఉన్నాను కదండి అమ్మగారూ. మీరే తీశారు.”

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా అడిగింది, నేను మర్చిపోయానేమో గుర్తు చేద్దామని.

నవంబరు 13

ఇంట్లో మళ్ళీ ఎత్తాను.

“వచ్చినప్పుడు శాంతమ్మకి ఎంతో కొంత ఇద్దాంలే. మనకెందుకది?” మామయ్యగారు.

“ఎంతో కొంత కాదండి. పేరు. విత్తనం దగ్గర అదే పేరు అడుగుతారు, ధాన్యం కొనే దగ్గర అదే, బ్యాంకులో అదే. పదకొండేళ్ళు చేసిన మనిషి ఎక్కడా లేదు.”

“లేకపోవడమేంటి? ఊరందరికీ తెలుసు ఆ చేను శాంతమ్మ చేస్తుందని.”

ఊరందరికీ తెలుసు. నిజమే. కాగితానికే తెలియదు.

మా ఆయన పక్క గదిలోకి పిలిచారు. “నాన్నని ఇప్పుడు కదపకు. నేను నెమ్మదిగా చెప్తాను.” జూలైలో కూడా ఇదే మాట. ఒళ్ళు మండిపోయింది. ఆయనకి ఏ పనికి ఏ ముహూర్తం కావాలో నాకెప్పటికీ తెలీదు.

నవంబరు 14

అభ్యంతరం నేనే రాశాను, శాంతమ్మ తరఫున. సంతకం కోసం వాళ్ళింటికి తీసుకెళ్ళాను. నులకమంచం వాల్చింది. కాగితం ముట్టుకోలేదు.

“వద్దండి. పెద్దాయన చేను తీసేస్తారు.”

“తియ్యరు. నేను మాట్లాడతాను.”

“మీరేం మాట్లాడతారండి... మీరూ ఆ ఇంట్లోనే అన్నం తినాలి కదా.”

నా మీద జాలి! ఆమెకి! కోపం వచ్చింది నాకు — ఆమె మీదే. తలుపు వేసి ఉన్న గదిలో నన్ను ఎవరో చూసేసినట్టు. టీ తాగకుండా వచ్చేశాను. సిగ్గుగా ఉంది.

నవంబరు 15

ఏవో గారిని అడిగాను, అభ్యంతరం ఎవరైనా రాయొచ్చా అని.

“ఊళ్ళో ఎవరైనా రాయొచ్చమ్మా. ఎందుకు?”

ఏం లేదండీ అన్నాను.

నవంబరు 16

రాశాను. మూడు వరసలు. ఈ సర్వే నంబరులో సాగు చేసింది శాంతమ్మ. ఫోటోలో ఉన్నది కూడా ఆమే. తెలిసి వేరే పేరుతో నమోదు చేసినది నేను.

కింద నా సంతకం.

బ్యాగులో, టిఫిన్ డబ్బా కింద పెట్టాను. ఉద్యోగం పోతుందా? మెమో వస్తుందేమో. దానికి భయం లేదు... ఉంది. మామయ్యగారి మొహం చూడటానికి ఇంకా ఎక్కువ భయం. అరవరు ఆయన. ‘మంచిదమ్మా’ అని లేచి వెళ్ళిపోతారు. తర్వాత ఆ ఇంట్లో నేను ఎన్నేళ్ళు అన్నం వడ్డించాలో.

నవంబరు 17

పొద్దున్న బయల్దేరబోతే మామయ్యగారు వాకిట్లో ఉన్నారు. పాత తువ్వాలుతో నా స్కూటీ సీటు తుడుస్తున్నారు. “మంచు పడింది. తడి మీద కూర్చుంటే జలుబు చేస్తుందమ్మా.” మోకాళ్ళు పట్టుకుని లేచారు.

ఎందుకు తుడిచారు ఇవాళే. ఏటా తుడుస్తారు, చలికాలం మొదలైతే. నాకే ఇవాళ కనపడింది.

మధ్యాహ్నం మూడు. పెట్టెలో నాలుగు కాగితాలు పడ్డాయి, అన్నీ ఆసాములవే. విస్తీర్ణం తక్కువ పడిందని. కౌలుదార్లది ఒక్కటీ లేదు.

పెట్టె తాళంచెవి నా దగ్గరే. అభ్యంతరం రాసేది నేను, తెరిచేది నేను, విచారించి రిపోర్టు పంపాల్సింది నేను. నవ్వు వచ్చింది ఒక్కదాన్నే కూర్చుని.

నాలుగున్నర. కాగితం బ్యాగులోంచి తీశాను. మడత విప్పుతుంటే మెట్ల మీద అలికిడి.

శాంతమ్మ. మొహం వెలిగిపోతోంది.

“పెద్దాయన పిలిచారండి మధ్యాహ్నం. వచ్చే దాళ్వా పంట కూడా నన్నే చేసుకోమన్నారు. ఈ సార్వా కౌలు సగం వదిలేశారండి! మాట ఇచ్చేశారు. మీరే చెప్పుంటారు కదండి?”

కౌలు మాట ఆయనకి నేనేం చెప్పలేదు.

“ఈసారి స్వర్ణే ఎయ్యనాండీ? కాదు, దాళ్వాకి అది కాదులెండి... మీరు ఏదంటే అదే ఎయ్యడం.”

“తొందరలేదు,” అన్నాను. “ఈసారి అన్నీ చెప్తాను.”

కాగితం బల్ల మీద, అరచేయి కింద. పెట్టెలో వేస్తే దాళ్వా పోతుంది, ఆమెకి. ఈ ఆనందం కూడా. వెయ్యకపోతే... మళ్ళీ అదే చేను, అదే ఓటీపీ, అత్తయ్యగారు ఒక్కొక్క అంకే.

“ఫోటో ఎప్పుడు తీస్తారండి? చీర ఉతికి ఉంచుకుంటాను.”

చెప్తాను అన్నాను.

ఐదుకి ఏడు నిమిషాలు. మెట్ల కింద శాంతమ్మ చెప్పులు వేసుకుంటోంది. ఒక చెప్పు పట్టీ ఊడినట్టుంది, వంగి సరిచేసుకుంటోంది. కాగితం ఇంకా చెయ్యి కిందే ఉంది.