గని పుస్తకంలో చివరి కాగితాలు తిరిగి ఇప్పించుట గురించి

గ్రంథాలయాల అధికారి గారి సముఖమునకు, కర్నూలు.

ఎర్రమిట్ట గ్రామం మగ్గాల వీధిలో పుస్తక కేంద్రం చూసుకొను రామలింగప్ప రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: బొమ్మల నవలలు విప్పినందుకు సంజాయిషీ, తమ ఉద్యోగి తీసుకుపోయిన కాగితాలు తిరిగి కోరుట.

నిన్నటి నుంచి మా ఊళ్లో ముసురు పట్టి ఉంది. ఎండ లేకపోతే పడుగు నూలుకు పెట్టిన గంజి ఆరదు. వీధిలో సాచిన పడుగులు చుట్టి లోపల పెట్టుకున్నాం. మగ్గం గుంటల్లో చెమ్మ ఊరుతోంది. కాళ్ల కింద గోనెపట్ట వేసుకుని నేసేవాళ్లు నేస్తున్నారు. నా మగ్గం మీద పడుగు అయిపోయింది, కొత్తది ఆరలేదు. కనుక ఈ అర్జీ రాయడానికి తీరిక దొరికింది.

1. పోయిన ఏడాది దసరా తర్వాత తమ కార్యాలయం నుంచి మా కేంద్రానికి కొత్త పుస్తకాల అట్టపెట్టె వచ్చినది. కేంద్రమంటే మా ఇంటి ముందరి గదిలో ఒక ఇనుప బీరువా. వచ్చిన ఐదు పుస్తకాలూ బొమ్మలతో కథ చెప్పేవే. అట్ట మీద గ్రాఫిక్ నవల అని ఉంది. పిల్లల పుస్తకాలు పొరపాటున వచ్చినవని భావించి నేను బడికి పంపితిని. హెడ్మాస్టరు గారు ఒకటి తెరిచి, లోపల శవం ఉన్నదని తిప్పి పంపినారు. ఆ విధంగా అవి పెద్దల పుస్తకాలని తేలినది.

2. మొదట వాటిని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. మా వీధిలో పగలు మగ్గం, రాత్రి టీవీ. మగ్గంలో కూర్చున్న మనిషికి చేతులూ కాళ్లూ ఖాళీ ఉండవు. కళ్లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంటుంది. చీర అంచు డిజైను గీసిన గళ్ల కాగితాన్ని ఎదురుగా దారానికి వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ నేస్తాం. వీధిలో మొదటి ఇల్లు మా వదిన తిమ్మమ్మది. ఆమె ఒక పుస్తకాన్ని అదే విధంగా బట్టల క్లిప్పులతో వేలాడదీసింది. రెండు పేజీలు కనబడ్డాయి. మూడోది చూడాలంటే మగ్గం ఆపాలి. ఆపి మళ్లీ మొదలుపెడితే బట్టలో ఆ చోట సన్నని గీత పడుతుంది.

ఆ చీరను సావుకారు వెలుతురుకు పరిచి చూశాడు. ఇన్ని గీతలు ఎందుకు వచ్చాయని అడిగాడు. వదిన ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి చెప్పింది.

"ఈడ శవం దొరికిందప్పా. ఈడ పోలీసోళ్లు వచ్చినారు. ఈడ మేనేజరు అబద్ధం చెప్పినాడు."

సావుకారు చీర మడిచి పక్కన పెట్టి, తర్వాత ఏమైందని అడిగాడు.

3. పై కారణము చేత పుస్తకాల కుట్టు ఒక్కొక్కటిగా విప్పడమైనది. విప్పినది నేనే. మొదటి కాగితం వదిన మగ్గానికి వేలాడదీశాం. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం రెండో పక్క. మరునాడు అది రెండో ఇంటికి పోతుంది, వదినకు తర్వాతి కాగితం వస్తుంది. అందువల్ల వీధిలో ప్రతి ఇల్లూ పై ఇంటికంటే ఒక కాగితం వెనుక ఉంటుంది. ముందున్నవాళ్లు వెనుకవాళ్లకు కథ చెప్పకూడదని నియమం పెట్టాం. చెబితే వాళ్ల కాగితం ఒక రోజు ఆపుతాం. వదిన నియమం తప్పలేదు. కానీ కొళాయి దగ్గర చివరి ఇంటి చిన్న ఈరన్న కనబడితే, "నీకు ముందుండాది లే" అని మాత్రం అనేది. దీని మీద చిన్న ఈరన్న ఫిర్యాదు నా వద్ద ఉన్నది.

4. పుస్తకం ఎట్లా ఉందో పాఠకుల అభిప్రాయం పంపాలని అట్టపెట్టెలోని కాగితంలో ఉన్నది. ఆలస్యానికి మన్నించి స్వీకరించగలరు.

చంద్రుడి పుస్తకం: ఒక ఆడమనిషి చంద్రుడి మీద చెనక్కాయ పంట పెడుతుంది. రాకెట్టు, గాలి లేని చోట బతకడం, అన్నీ మావాళ్లు ఒప్పుకున్నారు. మొదటి బోరుకే నీళ్లు పడ్డాయి. అక్కడ నమ్మడం మానేశారు. అయినా చివరిదాకా చదివారు. బొమ్మల్లో నల్లరంగు శానా బాగుందని అందరూ అన్నారు.

దయ్యం పుస్తకం: పరవాలేదు. చిన్న ఈరన్న సాయంత్రమైతే కాగితాన్ని గోడవైపు తిప్పి పెట్టేవాడు. భయం కాదని, కళ్లకు విశ్రాంతి అని చెప్పినాడు.

నర్సమ్మ పుస్తకం: ఒక నర్సు జీవితాన్ని ఆమె కూతురు గీసింది. ఇందులో పెద్దగా ఏమీ జరగదు. ఆమె డ్యూటీకి పోతుంది, బస్సు మారుతుంది, నిలబడి అన్నం తింటుంది, పడుకుంటుంది. ఆడవాళ్లు దీన్ని రెండోసారి తిప్పమన్నారు. తిప్పాం.

గొర్రెల పుస్తకం: ఇందులో ఒక్క మాట కూడా లేదు. మా ఇంట్లో నూలు కండెలు చుట్టడానికి చర్చి వీధి నుంచి ప్రేమమ్మ వస్తుంది. ఆమెకు చదువు రాదు. ఈ పుస్తకం మాత్రం ఆమె అందరితో పాటు చూసింది. గొర్రెలాయన తప్పిపోయిన పిల్లను వెతుక్కుంటూ పోతున్నాడని ప్రేమమ్మ చెప్పింది. కాదు, పెళ్లాంతో పోట్లాడి ఇంటికి పోలేక తిరుగుతున్నాడని వదిన చెప్పింది. వారం వాదించుకున్నారు. ఏది నిజమో తమ కార్యాలయం తెలియజేయనక్కరలేదు.

గని పుస్తకం: నాపరాయి గనిలో హత్య. వదిన మొదట వేలాడదీసినది ఇదే. అన్నిటిలోకి ఇదే మేలైనదని చివరికి దాచి, మళ్లీ మొదటి నుంచి తిప్పాం. ఈ అర్జీ దీని గురించే.

5. పోయిన నెలలో తమ ఉద్యోగి శివకుమార్ గారు తనిఖీకి వచ్చినారు. వదిన మగ్గం ముందు కాగితం వేలాడుతుండగా చూసి, ప్రభుత్వ పుస్తకాన్ని ఈ విధంగా చించవచ్చునా అని అడిగినారు. వదిన నాడె విసరడం ఆపలేదు.

"చించలేదు నాయనా, విప్పినాము. కొంచెం పక్కకు నిలబడు, బొమ్మ కనపడ్డంలేదు."

ఆయన పక్కకు నిలబడ్డారు. తర్వాత మా ఇంటికి వచ్చి, బీరువాలో మిగిలిన గని పుస్తకం కాగితాలన్నీ సాక్ష్యం కింద తీసుకున్నారు. కేంద్రం మూయాలని రాస్తానన్నారు. మగ్గాలకు వేలాడుతున్నవి మాత్రం అడగలేదు. ఆయన తీసుకుపోయినవి వీధిలో ఎవరూ చదవనివి. వదిన మగ్గం ముందున్న కాగితంలో క్రేను రాతిపలకను పైకి లేపుతుంది, చుట్టూ నిలబడినవాళ్లు కిందికి చూస్తారు. పలక కింద ఏముందో తర్వాతి కాగితంలో ఉంటుంది. ఆ కాగితం తమ వద్ద ఉన్నది.

6. ఆ సాయంత్రం ప్రేమమ్మ ఇంటికి పోతూ శివకుమార్ గారిని బస్ షెల్టరులో చూసింది. మరునాడు వచ్చి చెప్పింది.

"సారు మన కాగితాలు చదువుకుంటాండాడు. బస్సొచ్చి నిలబడి పోయింది, తల ఎత్తలేదు. చివర్లో 'అయ్యో' అన్నాడు."

అయ్యా, మా కష్టం ఇక్కడ మొదలైనది. ఆ 'అయ్యో' ఎవరి కోసమని వీధి రెండుగా చీలింది. గని కాపలాదారు కోసమని కొందరు, అతని కూతురి కోసమని కొందరు. కూతురు చాలా మంచి పిల్ల. పుస్తకం మొదటి నుంచి వదిన ఆమె పక్షం.

నేను శివకుమార్ గారికి ఫోన్ చేసితిని. కాగితాలు ఫైలులో చేరాయని, తమ ఉత్తర్వు లేనిదే బయటికి రావని, కావలిస్తే కథ చెబుతానని ఆయన మర్యాదగానే అన్నారు. వదిన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నువ్వు చదివింది నీ దగ్గరే పెట్టుకో నాయనా. నేను చదవాల్సింది నాకియ్యి."

ఆ తర్వాత ఆమె ఆ కాగితాన్ని రెండో ఇంటికి ఇవ్వలేదు. అడిగితే, తనకు ఇంకా అయిపోలేదంటుంది. వేరే పుస్తకం మొదలుపెట్టనివ్వదు. దాంతో కింది ఇళ్లవాళ్లందరూ ఒకరి వెనుక ఒకరు వచ్చి ఆగిపోయారు. చిన్న ఈరన్న ఒక్కడికే ఇంకా చదవడానికి మిగిలి ఉంది. ఆయన సంతోషంగా ఉన్నాడు.

7. కావున కోరునది ఏమనగా:

గని పుస్తకం చివరి కాగితాలు ఇప్పించవలెను. కేంద్రం మూసేదీ మూయనిదీ తర్వాత చూడవచ్చు.

చదవడం పూర్తయిన నాలుగు పుస్తకాలను వదిన పట్టుదారంతో తిరిగి కుట్టింది. అవి బీరువాలో ఉన్నవి. తమరు వచ్చి లాగి చూడవచ్చు.

ఇక మీదట పుస్తకాలు కుట్టకుండా పంపితే మాకు విప్పే పని, తమకు కోపం తప్పుతాయి. హత్యలు, నర్సులు, మాటల్లేనివి, ఏవైనా పంపండి. చంద్రుడి మీదికి మళ్లీ పోతే రెండు బోర్లు ఎండిపోయిన తర్వాత నీళ్లు పడేటట్టు ఉంటే మేలు.

తర్వాతి పుస్తకం చివరి ఇంటి వైపు నుంచి మొదలుపెట్టాలని చిన్న ఈరన్న కోరుతున్నాడు. నేను రాస్తుండగా పక్కనే నిలబడ్డాడు కనుక రాశాను.

ఈ సంగతులన్నీ చిత్తగించవలెను. మాకు తొందర ఉంది గాని తమ మీద అగౌరవం లేదు.

తమ విధేయుడు, పుస్తకం విప్పిన
రామలింగప్ప

తా.క.: పై అర్జీ నిన్న రాసి ముగించాను. జవాబు ఎప్పుడొస్తుందని వదిన అడిగింది. తెలియదన్నాను. "అయితే నేనే పోతా" అన్నది. ముసురు ఇంకా తగ్గలేదు, పని ఎట్లాగూ మందంగా ఉంది కాబట్టి నేను ఆపలేదు. ఈ అర్జీని మా గ్రామ సచివాలయంలో స్కాన్ చేయించి పంపుతున్నాను. ఇది తమరు చూసేసరికి ఆమె తమ వరండాలో కూర్చుని ఉంటుంది. క్రేను కాగితం ఆమె సంచిలో ఉంది. మిగిలినవి బయటికి ఇవ్వకూడదంటే ఒక కుర్చీ వేసి, అక్కడే చదువుకోనివ్వండి. పగలగొట్టేది, చించేది ఏమీ ఉండదు. ఆమె చదువుతున్నంతసేపు శివకుమార్ గారిని ఎదురుగా ఉండవద్దని చెప్పగలరు. ఆయన మొగం చూస్తే తెలిసిపోతుందని వదిన భయం. తోడుగా ప్రేమమ్మ కూడా బయలుదేరింది. ఆమెకు వదిన చదివి వినిపిస్తుంది, కాబట్టి కొంత చప్పుడు ఉంటుంది.

ఇద్దరూ ఈ పొద్దున మొదటి బస్సుకు వెళ్లారు.