మౌస్ బాణం చూపించిన చోటు

అక్కా,

ఫోన్ చేస్తే నువ్వు ఏడ్చి నన్నూ ఏడిపిస్తావు. అందుకే, నీకు ధైర్యం చాలక స్కాన్‌కు నాతో పంపిన నీ కూతురి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పుట్టగానే దాని గుండెలో చిల్లుందని తీసిన స్కాన్లు మా ఆసుపత్రిలో స్క్రీన్‌షాట్లుగానే మిగిలాయి కదా. కొత్త మెషిన్ మామూలు ఫొటోలను దగ్గరికి రానివ్వదు. అందుకని ఒక్కోదానికీ పేరు, తేదీ, కొలత జతచేసి స్కాన్ ఫైళ్లుగా మార్చి, ఇవాళ తీసిన స్కాన్ పక్కన పెట్టాను.

పాత బొమ్మ చూసి డాక్టరుగారు నుదురు చిట్లించారు. "చిల్లు పక్కన ఈ తెల్ల ముక్కేంటమ్మా?" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే మౌస్ బాణం! స్క్రీన్‌షాట్ తీసిన మహానుభావుడు దాన్ని పక్కకు జరపలేదు. నేనేమో బాణానికి కూడా కొలత రాసి మరీ మార్చాను.

ఆయన పగలబడి నవ్వి, "పోన్లే, చోటు బాగా చూపించాడు" అంటూ కొత్త స్కాన్‌లో అక్కడే వెతికారు. మళ్లీ వెతికారు. "ఇక్కడ చూపించడానికేం లేదమ్మా. పూడుకుపోయింది" అన్నారు.

ఇప్పుడు ఏడువు, తనివితీరా. ఇన్నాళ్లూ దాన్ని మెట్లు కూడా మెల్లగా ఎక్కించావు. ఈ ఉత్తరం నలిగిపోయి నీ చేతికొస్తే దాన్ని కోప్పడకు. పరిగెత్తుకుంటూ వెళ్లమని నేనే చెప్పాను.

నీ చెల్లెలు