ఇంజిన్‌కు కట్టిన మొలతాడు

మల్లన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ పరాయి దేశంలో, బర్కా తోటలో నీళ్లు తోడే మన ఇంజిన్ జోరు మీద బాగానే నడుస్తోంది గానీ, నిదానం చేస్తే చాలు, గుక్కపట్టి ఆగిపోతోంది. కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా అంతే.

నీ మంచంలో ఇప్పుడు పడుకునే సాయిలు, "గాలి ఏడనో గుంజుతున్నదన్నా, రబ్బరు పైపు సూడు" అన్నాడు. గ్రీజు తుడిస్తే పైపు పగులు చుట్టూ వదులైన నల్లతాడు, దానికి నీ రాగి బిళ్ల.

"మొలతాడా? బతికున్నోడు ఇప్పుతడా?" అన్నాడు సాయిలు.

తాడు విప్పి చేతిలోకి తీసుకున్నాను. పెట్టెలో ఊరికి పంపేముందు నీకు స్నానం చేయిస్తే నడుముకు మొలతాడు లేదు. ఆసుపత్రిలో కోసేశారనుకున్నాం.

కొత్త పైపు వేశాం. ఇంజిన్ నిదానంగా నడుస్తోంది. తాడు ఇంకా నా పిడికిట్లోనే ఉంది.