నాయనా, చేతిరిక్షా కేసుకు రా

మద్రాసు, 3-5-74

నాయనకు, నేను బాగుండాను, వేళకు తింటాండాను, అమ్మను దిగులుపడొద్దని చెప్పు.

చేతిరిక్షాలు రద్దుచేసిన చట్టం మీద ఓనర్లు కేసేసినారు. సర్కారు తరపున వాదించేది నేను పనిచేసే ప్లీడరు కోదండరాం గారే. ఆయన కాగితాల కట్టలు మోసుకొని నిన్న నేనూ కోర్టుకు పోయినా. ఓనర్ల వకీలు లేచి, "లాగేవాళ్ళు ఇష్టపడే లాగుతాండారు, మధ్యలో సర్కారుకేం నొప్పి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చినాక, "ఎండకు కాళ్ళు బొబ్బలెక్కేది మీరెందుకు చెప్పలా సార్?" అని అడిగేసినా.

"నేనెప్పుడు లాగినానప్పా? లాగినోణ్ణి పిలుచుకొని రా, అఫిడవిట్టు రాయిద్దాం" అన్నాడాయన.

మనూరికి తిరిగి పోయేదాకా ఈడ బండి లాగింది నువ్వే కదా, నువ్వే రావాల. పురసవాక్కంలో సవారీ దించేసి, ఖాళీ బండిలో నన్నెక్కించుకొని, "యాడికి పోవాల దొరా?" అని పరిగెత్తేవాడివి. నేను గంట కొడతా నవ్వేవాణ్ణి. అంత సంతోషం నాకు మళ్ళీ దొరకలా. ఇంటికొచ్చినాక అమ్మ నీ అరికాళ్ళకు ఆముదం రాసేది కూడా నేను మర్చిపోలా.

మన ఓనరు నాగలింగం మంచోడని మొదలుపెట్టబాక. పండక్కి పంచె ఇచ్చినాడు, కాదనను. చెప్పులిచ్చినాడా?

చెల్లెలు మంగ బడికి పోతాందా, ఎగ్గొడతాందా? వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు తే, ఈడ దొరికే ఎండుచేపల్లో ఉత్త ఇసక.

అమ్మకూ నీకూ దండాలు. ఇన్నాళ్ళకు సర్కారు మన పక్కన నిలబడి మాట్లాడతాండాది. నువ్వు నోరు తెరవకపోతే ఎట్టా?

నీ కొడుకు
చెంగయ్య